ఏడు అంతస్తుల పిండి

ఏప్రిల్ రెండో వారం నుంచీ
లిఫ్ట్ మీట నొక్కడం మానేశాను.

క్రాన్ ఊళ్ళో బేకరీ పని నాది.
రాత్రి రెండింటికి మొదలు, పగలు పదికి ఇల్లు.
ఇరవై రెండేళ్ళుగా నా కాళ్ళు ఎరిగిన దూరం
బల్ల నుంచి పొయ్యికి,
పొయ్యి నుంచి బల్లకి.

వాన వెలిసిన పొద్దున
వంటింటి కిటికీలోంచి ట్రిగ్లావ్ కనిపిస్తుంది.
దూరపు కొండలు నునుపంటారు గానీ
నాకది ఎవరో కొరికి వదిలేసిన
రొట్టె అంచులాగే ఉంటుంది ఎప్పుడూ.
దాన్ని ఒక్కసారైనా ఎక్కనివాళ్ళు
ఈ దేశపు మనుషులే కారని
మావాళ్ళు నవ్వుతూ అంటారు.
నవ్వుతూనే. కానీ అంటారు.
నలభై తొమ్మిదేళ్ళు నేనూ కలిసి నవ్వాను.
ఈ ఆగస్టులో నోరు మూసుకుని ఎక్కుదామని.

అంతస్తుకి పదహారు మెట్లు, ఏడు అంతస్తులు.
వీపున అక్క కొడుకు వాడి పారేసిన సంచీ.
లోపల కిలో పిండి పొట్లాలు,
వారానికొకటి కలుపుతూ.
పిండి కొద్దీ రొట్టె.
ఊపిరి మాత్రం ఏ పిండి కొద్దీ కాదు,
నాలుగో అంతస్తులోనే అయిపోతుంది.

"ఇల్లు ఖాళీ చేస్తున్నావా?"
మూడో అంతస్తు ల్యూబా తలుపు సందులోంచి,
"మొగుడికి తెలుసా?"
మొగుడెప్పుడో ఖాళీ చేశాడని చెప్పేంత గాలి
ఆ క్షణాన నా దగ్గర లేదు.

రెండో అంతస్తులో స్తానే.
యెసెనిత్సె ఉక్కు కార్ఖానాకి
సగం ఊపిరితిత్తులు ఇచ్చేసి వచ్చినవాడు.
గుమ్మంలో కుర్చీ, ఒళ్ళో రెండు పళ్ళేలు,
ఒకదాన్నిండా చిక్కుడు గింజలు.
నేను పైదాకా వెళ్ళొచ్చినప్పుడల్లా
ఒక గింజ ఆ పళ్ళెంలోంచి ఈ పళ్ళెంలోకి.
"అరికాలంతా ఆన్చు,
దొంగలా మునివేళ్ళ మీద ఏమిటది?"
మాట మధ్యలో రెండుసార్లు ఆగుతాడు,
తనే మెట్లెక్కుతున్నట్టు.

మే నెల. ఆరు పొట్లాల వారం.
అయిదో అంతస్తు మలుపులో
సంచీ అడుగు కుట్టు ఊడి ఒక పొట్లం పగిలింది.
నాకు తెలియలేదు.
పైకి వెళ్ళి, కిందికి దిగి, మళ్ళీ ఎక్కుతుంటే
మెట్ల మీద మంచు.
మంచులో అడుగులు.
కుడి పాదం బయటికి తిరిగి,
ఎడమది తోకలా ఒక గీత ఈడ్చుకుంటూ.
ఎవరో అలసిపోయిన ఆడమనిషి
నాకంటే ముందు ఇటుగా వెళ్ళినట్టు.
ఇన్నేళ్ళూ నేనిలా నడిచానని
నాకెవరూ చెప్పలేదు.

చీపురు తెచ్చేలోపు
స్తానే కుర్చీ వదిలి వచ్చాడు,
కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ,
వేటగాడు జాడ చూసినట్టు వంగి చూస్తూ.
"మడమ లేస్తోంది. ఎడమ బూటు వదులు."
వద్దంటున్నా మోకాలు కింద ఆన్చాడు.
ఆన్చడానికి చాలాసేపు పట్టింది.
చీలమండ దగ్గర లేసు రెండు చుట్లు తిప్పి,
బిగించి, ఇంకో చుట్టు, ముడి.
లేవడానికి ఇంకా చాలాసేపు.
భుజం ఇచ్చాను.
అతని జుట్టు నిండా గోధుమ పిండి.

"మొదటిసారి ఎక్కినవాళ్ళని
శిఖరం మీద తాడుతో కొడతారు, తెలుసుగా?"
తెలుసు.
"నన్ను కొట్టింది మా ఫోర్‌మన్.
వారం రోజులు కూర్చోలేదు."
ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది,
దగ్గు ఎంతకీ ఆగలేదు,
నేను చీపురు పట్టుకుని
ఊరికే నిలబడ్డాను.

మెట్లు ఊడ్చాను.
ల్యూబా తలుపు ముందు రెండుసార్లు ఊడ్చాను.
తర్వాత బూటు మడమ కదలకుండా
మిగిలిన పొట్లాలతో మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ రోజు నా లెక్కకి పదకొండు సార్లు.
స్తానే పళ్ళెంలో పన్నెండు గింజలు.
అతను గోడకేసి చూస్తున్నాడు,
అమాయకంగా, పిండి జుట్టుతో.

ఏమీ అనలేదు.
సంచీ పట్టీ బిగించుకుని
లెక్క సరిచెయ్యడానికి
మళ్ళీ కిందికి దిగాను.